అపహర్త నోట న్యాయవాదము

1988 మార్చి నెలలో బ్రిటిష్ ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ బడ్జెట్టును ప్రవేశపెట్టుచు, అత్యధికాదాయముపై నూటికి 60 వంతులుగా నున్న పన్నును 40 వంతులకు దించెను. పన్ను తగ్గిననాడు సమర్థులు మఱింత ఉత్సాహముతో పనిచేయుదురనియు, తన్మూలమున దేశసంపద పెరిగి అందు బీదలకును కొంత దక్కుననియు ఆ విధానమును మెచ్చినవారి వాదము. వింత యేమనగా, ఈ వాదమునకు ఊతమీయగల సూత్రమొకటి సమానత్వవాదులలో అగ్రగణ్యుడైన జాన్ రాల్స్ గ్రంథముననే కలదు.

హార్వర్డు ఆచార్యుడైన రాల్స్ 1971లో 'న్యాయసిద్ధాంతము'ను వెలువరించెను. ఒకడు కలవారి యింట పుట్టుటయు, చురుకైన బుద్ధితో పుట్టుటయు అతడు చేసిన ఘనకార్యములు కావు. మనవారు పూర్వజన్మసుకృతమని సరిపెట్టుకొను ఈ విషయమున రాల్స్ సరిపెట్టుకొనలేదు. తాము ధనికులమో దరిద్రులమో, సమర్థులమో కామో యెఱుగనీయని యొక తెర వెనుక కూర్చుండి సంఘనియమములను నిర్ణయింపవలసివచ్చిన, జనులు ముందుగా అందఱికిని సమానమైన స్వేచ్ఛను, పదవులందు న్యాయమైన అవకాశమును కోరుదురనియు, అటుపై అట్టడుగువారికి అత్యధికముగా మేలుచేయు తారతమ్యమును మాత్రమే సంపదలో అనుమతింతురనియు అతడు వాదించెను. వైద్యునికి హెచ్చు జీతమిచ్చుటవలన కూలివానికి మంచి వైద్యము అందునేని, ఆ హెచ్చు న్యాయమే.

ఈ మెలికనే ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు జి. ఏ. కోహెన్ పట్టుకొనెను. మాంట్రియల్ నగరమున కమ్యూనిస్టు శ్రామికుల యింట పుట్టిన ఈయన 1991లో స్టాన్‌ఫర్డున ఉపన్యసించుచు, లాసన్ బడ్జెట్టు ప్రస్తావనతోనే ఆరంభించి, ఒక ఉపమానమును చెప్పెను. బిడ్డ తల్లిదండ్రుల చెంత నుండవలెను. సొమ్ము ముట్టినగాని అపహర్త బిడ్డను విడువడు. కావున సొమ్ము ముట్టజెప్పవలెను. పొరుగువాడు చెప్పినచో ఇది హితవే, తర్కమున లోపమును లేదు. కాని అపహర్తయే తల్లి యెదుట నిలిచి ఈ మాటలను పలుకవలసినచో, 'విడువడు' అన్నది 'విడువను' అగును. క్రియాపదము కొసన ఒక్క యక్షరము మాఱగానే, లోకస్వభావముగా తోచినది వాని సొంత నిర్ణయమై బయటపడును. ఆ విధముననే, 'అధికలాభము లేనిదే సమర్థులు కష్టపడరు' అను వాక్యమును ఆ సమర్థుడే బీదవాని ముఖము చూచుచు 'కష్టపడను' అని చెప్పవలసివచ్చినప్పుడు, 'ఏల?' యను ప్రశ్నకు అతడేమి బదులు చెప్పును?

ధనికులు దొంగలని కోహెన్ భావము కాదు. దుర్భరమైన శ్రమకు తగిన పరిహారమును, తన బాగు కొంత చూచుకొను హక్కును అతడు కాదనలేదు. న్యాయము చట్టములయందే కాక జనుల నిత్యవర్తనమునందును ఉండవలెనని మాత్రమే పట్టుబట్టెను. రాల్స్ పక్షమువారు, న్యాయసూత్రములు సంఘపు మూలవ్యవస్థలకే గాని వ్యక్తులు వృత్తిని ఎంచుకొను తీరునకు వర్తింపవనిరి. ఆ సమాధానము శాస్త్రమునకు చాలునేమో. బీదవాని యెదుట నిలిచి చెప్పుటకు చాలదని నాకు తోచును.

2000లో కోహెన్ ప్రకటించిన యొక గ్రంథమునకు 'నీవు సమానత్వవాదివైనచో ఇంత ధనికుడవెట్లు?' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అందు ధనికులైన సమానత్వవాదులు చెప్పుకొను సాకులను, తనవంటి ఆచార్యులను విడిచిపెట్టక, ఒక్కొక్కటిగా పరీక్షించెను.