చదివింది చాలిందా? పుస్తకం మూసి చూడండి

ఫిబ్రవరి మాసం. రాత్రి పదకొండు గంటలు దాటింది. సుపేలాలో జి.ఇ. రోడ్డు మీద వాహనాల రొద ఇంకా సద్దుమణగలేదు. ఆ రహదారికి దాపున ఉన్న ఒక తెలుగువారి ఇంటిని ఊహించుకుందాం. పన్నెండవ తరగతి చదువుతున్న అమ్మాయి భౌతికశాస్త్రం పుస్తకం ముందు కూర్చుని ఉన్నది. పేజీల నిండా ఎర్రగీతలు, పచ్చగీతలు.

“చదవడం అయిపోయిందేటమ్మా?” అని వంటింట్లోంచి తల్లి అడిగింది.

మూడుసార్లు పూర్తి చేశాననీ, అయినా అది సరిపోతుందో లేదో తెలియడం లేదనీ ఆ పిల్ల హిందీలో జవాబు చెప్పింది.

పరీక్షల కాలంలో ప్రతి ఇంటా వినిపించే సందేహమే ఇది. అయితే ఈ ఊళ్లో దాని బరువు కొంచెం ఎక్కువ. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. తండ్రి కొలిమి వేడిలో పనిచేసినా పిల్లలు పెద్ద చదువులు చదవాలన్నదే ఆ కుటుంబాల ఆశ. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలలో భిలాయి పిల్లలు మంచి పేరు తెచ్చుకున్నారు. 2016లో భిలాయి పేరిటనే ఒక ఐ.ఐ.టి. కూడా ఏర్పడింది. ఇటువంటి చోట “చదివింది చాలిందా?” అన్న ప్రశ్నకు తప్పుడు సమాధానం చెప్పుకుంటే, ఒక ఏడాది శ్రమ, దానితోపాటు ఇంటిల్లిపాది ఆశ వృథా కావచ్చు.

పరిచయం వేరు, జ్ఞాపకం వేరు

ఒకే పాఠాన్ని మూడవసారి చదివేటప్పుడు కళ్లు పంక్తుల మీద సాఫీగా జారిపోతాయి. ప్రతి వాక్యమూ పాత స్నేహితునివలె పలకరిస్తుంది. “ఇదంతా నాకు వచ్చు” అని మనస్సు తీర్మానించుకుంటుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. కనబడిన దానిని పోల్చుకోవడం ఒక శక్తి, కనబడని దానిని మనస్సులోంచి పైకి తీయడం మరొక శక్తి. పరీక్ష కోరేది చాలావరకు ఈ రెండవ శక్తిని.

ఈ భేదానికి ఉదాహరణ సుపేలా ఇళ్లలోనే దొరుకుతుంది. బామ్మ తెలుగులో చెప్పే మాటలన్నీ మనుమలకు చక్కగా అర్థమవుతాయి. కాని వారిని తెలుగులో బదులు చెప్పమంటే నాలుగు మాటలకే తడబడి హిందీలోకి మళ్లుతారు. వారికి తెలుగు తెలియదనలేము, వచ్చుననీ అనలేము. అనువాద వృత్తిలో ఉన్న నాకూ ఈ అనుభవం నిత్యం ఎదురయ్యేదే. పుస్తకంలో కనిపించగానే తెలిసిపోయే మాట, కలం పట్టినప్పుడు ఎంత పిలిచినా పలకదు. మూడుసార్లు చదివిన పాఠం కూడా పరీక్షహాలులో సరిగ్గా ఇలాగే మొండికేస్తుంది.

ప్రయోగాలు ఏమంటున్నాయి?

అమెరికాలో సెయింట్ లూయీస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. విద్యార్థులలో ఒక జట్టు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. మరొక జట్టు ఒక్క విడతే చదివి, తక్కిన మూడు విడతలలో జ్ఞాపకమున్నదంతా చూడకుండా కాగితంపై వ్రాసింది. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం, వ్రాసినవారికి 71 శాతం జ్ఞాపకమున్నది. ఒక వారం గడిచాక లెక్క తారుమారైంది. నాలుగు విడతలు చదివినవారికి 40 శాతమే మిగిలింది, వ్రాసి చూసుకున్నవారికి 61 శాతం నిలిచింది. మరీ విచిత్రమేమంటే, తమకు ఎక్కువ జ్ఞాపకముంటుందని ముందుగా ధీమా వ్యక్తం చేసినవారు మళ్లీ మళ్లీ చదివినవారే!

1991లో థామస్ నెల్సన్, జాన్ డన్లాస్కీ మరొక సంగతి కనుగొన్నారు. నేర్చుకున్న మరుక్షణంలో “ఇది నాకు గుర్తుంటుందా?” అని అంచనా వేసుకుంటే అది తరచు గురి తప్పుతుంది. కొంత వ్యవధి ఇచ్చి, సమాధానం చూడకుండా, కేవలం ప్రశ్నను చూసి వేసుకున్న అంచనా ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది. పుస్తకం తెరిచి ఉండగా మన మనస్సు మనకు చెప్పే సాక్ష్యం నమ్మదగినది కాదన్నమాట.

మన పెద్దలు ఎరిగిన పద్ధతి

ఈ విషయం గ్రహించడానికి మన పెద్దలకు ప్రయోగశాల అవసరం రాలేదు. తెలుగులో “అప్పజెప్పడం” అనే చక్కని మాట ఉన్నది. పద్యమైనా ఎక్కమైనా పిల్లవాడు ఎన్నిసార్లు చదివాడని వెనుకటి పంతులుగారు అడిగేవారు కారు. “ఏదీ, అప్పజెప్పు” అనేవారు. తీసుకున్న సొమ్మును తిరిగి అప్పగించినట్లు, నేర్చుకున్న పాఠాన్ని గురువుకు తిరిగి అప్పగించాలి. అప్పగించలేకపోతే పాఠం రానట్లే లెక్క. అష్టావధానంలోనూ అంతే. పృచ్ఛకుల ఆటంకాల నడుమ పాదం పాదంగా చెప్పిన పద్యాలన్నింటినీ అవధాని చివర ధారణ చేసి వినిపించినప్పుడే ఆ అవధానం సంపూర్ణమవుతుంది.

భిలాయి కర్మాగారంలో రైలు పట్టాలను పరీక్షించే తీరు కూడా ఇటువంటిదే. పైకి నున్నగా మెరుస్తున్నది గదా అని పట్టాను రైల్వేలకు పంపించరు. అల్ట్రాసోనిక్ తరంగాలను దానిలోకి పంపి చూస్తారు. లోపల పగులుంటే ఆ తరంగం అక్కడ తగిలి తిరిగివస్తుంది. కంటికి కనబడని లోపాన్ని పరీక్షే పట్టి ఇస్తుంది. పునశ్చరణకు కూడా ఇటువంటి పరీక్ష ఒకటి ఉండాలి.

నాలుగు గీటురాళ్లు

మొదటిది: ఒక పాఠం పూర్తిచేసిన వెంటనే కాక, మరునాడు తెల్లకాగితం తీసుకుని ముఖ్యాంశాలు, సూత్రాలు, పటాలు చూడకుండా వ్రాయండి. ఆ తరువాతనే పుస్తకం తెరిచి సరిచూసుకోండి. వ్రాయలేకపోయిన భాగమే మీరు చదవవలసిన భాగం.

రెండవది: ఒకసారి వచ్చినంత మాత్రాన దానికి సెలవు ఇవ్వకండి. మొదటి కూర్చోటంలో మూడుసార్లు సరిగా చెప్పగలిగేదాకా సాధన చేసి, తరువాత కొన్ని రోజుల ఎడంతో మరి మూడుసార్లు తిరిగి నేర్చుకోవడం మేలని కాథరీన్ రాసన్, డన్లాస్కీ 2011లో సూచించారు.

మూడవది: పాఠాల వరుస తప్పించండి. పరీక్షలో ప్రశ్నలు అధ్యాయాల వారీగా రావు. ఇదివరకు చూడని పాత ప్రశ్నపత్రాన్ని గడియారం ముందు పెట్టుకుని, మధ్యలో లేవకుండా మూడు గంటలు వ్రాయండి.

నాలుగవది: సరిచూసుకోవడానికి ముందే ప్రతి జవాబు పక్కన “ఖాయం” అనో “అనుమానం” అనో వ్రాసుకోండి. “ఖాయం” అన్నవి తప్పుతుంటే మీ లోపం చదువులో కంటే అంచనాలో ఎక్కువగా ఉన్నదన్నమాట. జె.ఇ.ఇ. మెయిన్ వంటి పరీక్షలో ఒప్పుకు నాలుగు మార్కులు వస్తే, తప్పుకు ఒక మార్కు పోతుంది. అక్కడ తనకు ఏమి రాదో తెలిసి ఉండటం కూడా విద్యలో భాగమే.

ఎప్పుడు ఆపాలి?

అతి ధీమా వలన నష్టపోయేవారు కొందరైతే, ఎంత చదివినా తృప్తి లేక నిద్ర మానుకుని కుంగిపోయేవారు మరికొందరు. ఈ గీటురాళ్లు రెండవ రకం పిల్లలకూ మేలు చేస్తాయి. కొత్త ప్రశ్నపత్రాలలో మార్కులు ఇంచుమించు ఒకచోట నిలకడగా ఉండి, తప్పులు తెలియక కాక తొందరపాటు వలన మాత్రమే జరుగుతుంటే, చదివింది చాలినట్టే. ఆ తరువాత అదే పేజీ మళ్లీ తిరగవేయడం వలన భయం కాస్త తగ్గవచ్చుగాని, తెలివి పెరగదు. ఆ గంటను నిద్రకు ఇవ్వడం మంచిది. పగలు నేర్చినది మనస్సులో కుదురుకోవడానికి నిద్ర ఎంతో అవసరం.

మళ్లీ సుపేలాలోని ఆ ఇంటికి వద్దాం. ఆ తల్లికి భౌతికశాస్త్రం రాకపోవచ్చు. పుస్తకంలోని ఇంగ్లీషు గాని హిందీ గాని చదవడం కష్టం కావచ్చు. అయినా ఆమె చేయగల సాయం ఒకటి ఉన్నది. దానికి డబ్బు ఖర్చు లేదు, చదువూ అక్కరలేదు. కూతురి చేతిలోని పుస్తకం తీసుకుని, మూసి, ఒడిలో పెట్టుకుని, “నువ్వు చదివిందేటో నాకు అర్థమయ్యేలా చెప్పు” అని అడిగితే చాలు. చెబుతూ చెబుతూ ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతుందో, రేపటి చదువు అక్కడినుంచి మొదలు కావాలి. ఎక్కడా ఆగకుండా చెప్పగలిగితే ఇక దీపం ఆర్పి పడుకోవచ్చు.