పోర్షే కేమన్ జిటి4 క్లబ్‌స్పోర్ట్

పోర్షే కేమన్ జిటి4 క్లబ్‌స్పోర్ట్ జర్మనీకి చెందిన పోర్షే సంస్థ తయారుచేసిన రేసు కారు. రహదారులపై నడిచే కేమన్ జిటి4 అనే స్పోర్ట్స్ కారు దీనికి ఆధారం. కర్మాగారం నుండి నేరుగా రేసు ట్రాక్‌కు తీసుకువెళ్ళేందుకు వీలుగా రూపొందించిన ఈ కారును 2015 నవంబరులో లాస్ ఏంజలెస్ మోటారు ప్రదర్శనలో ఆవిష్కరించారు. దీని తరువాతి రూపాలు 2019లోను, 2021లోను వెలువడ్డాయి. రేసింగును వృత్తిగా కాక అభిరుచిగా చేపట్టినవారిని, ఈ రంగంలో తొలి అడుగు వేసేవారిని దృష్టిలో ఉంచుకొని తయారుచేసినది కనుక దీనిని ప్రవేశ స్థాయి రేసు కారుగా పరిగణిస్తారు. ఈ కారును సాధారణ రహదారులపై నడపడానికి అనుమతి లేదు.

నేపథ్యం

రహదారి కారు ఎంత వేగంగా పోగలిగినదైనా, దానితో యథాతథంగా రేసులో పాల్గొనడం సాధ్యం కాదు. ప్రమాదంలో చోదకుని కాపాడే పంజరం, మంటలను ఆర్పే సాధనం, పగిలిపోని ఇంధన ట్యాంకు వంటివి రేసు నిబంధనల ప్రకారం తప్పనిసరి. ఔత్సాహికులు సాధారణ కారును కొని, ఏదైనా వర్క్‌షాపులో ఈ మార్పులు చేయించుకోవడం చిరకాలంగా ఉన్న పద్ధతి. అయితే ఆ పని నాణ్యత చేసేవారి నైపుణ్యాన్ని బట్టి ఉంటుంది. ఏ రెండు కార్లూ ఒకేలా ఉండవు. కనుక గెలుపు చోదకునిదా, వర్క్‌షాపుదా అనే ప్రశ్న మిగిలిపోతుంది. సంస్థ తానే రేసు కారును తయారుచేసి అమ్మితే ఈ వ్యత్యాసాలు తగ్గుతాయి, విడిభాగాలు సులభంగా దొరుకుతాయి.

పోర్షే సంస్థకు ఈ విధానం కొత్త కాదు. 911 కారు ఆధారంగా తయారైన రేసు కార్లతో జర్మనీ కరేరా కప్ 1990లోను, సూపర్‌కప్ 1993లోను ప్రారంభమయ్యాయి. అయితే 911లో ఇంజను వెనుక ఇరుసుకు కూడా వెనుక ఉంటుంది. వెనుక భాగం బరువు ఎక్కువ కావడం వల్ల మలుపులలో దానిని అదుపు చేయడానికి అనుభవం కావాలి. 2005లో వచ్చిన కేమన్‌లో ఇంజను సీట్లకు, వెనుక ఇరుసుకు మధ్య ఉంటుంది. బరువు కారు నడిమికి చేరువగా ఉండడంతో మలుపులో దాని ప్రవర్తనను ముందుగా ఊహించడం కొంత తేలిక. కొత్తవారి కోసం కేమన్‌ను ఎంచుకోవడంలో ఈ అమరిక కలిసివచ్చింది.

మొదటి రూపం (2015)

రహదారి కేమన్ జిటి4ను 2015 మార్చిలో జెనీవాలో ప్రదర్శించారు. 911 కరేరా ఎస్ నుండి తీసుకున్న 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను దీనికి 385 అశ్వశక్తిని (283 కిలోవాట్లు) ఇస్తుంది. క్లబ్‌స్పోర్ట్‌లోనూ ఇదే శక్తి గల ఇంజను ఉంది. ముఖ్యమైన మార్పులు ఇవి:

* లోపలి అలంకరణలను తొలగించి, రోల్ కేజ్ అనే ఉక్కు గొట్టాల పంజరాన్ని వెల్డింగ్ చేశారు. చోదకునికి రేసింగ్ సీటు, ఆరు చోట్ల బిగించే బెల్టు అమర్చారు.
* ముందు చక్రాల సస్పెన్షన్‌ను 911 జిటి3 కప్ రేసు కారు నుండి తీసుకున్నారు.
* నాలుగు చక్రాలకూ 380 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు బ్రేకు డిస్కులు అమర్చారు.
* బ్రేకు వేసినపుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను 12 స్థాయిలలో సవరించుకొనే వీలు కల్పించారు.
* వెనుక చక్రాలలో ఒకటి పట్టు తప్పినపుడు ఇంజను శక్తి అంతా దానికే పోకుండా ఆపే యాంత్రిక డిఫరెన్షియల్ లాక్ ఉంది.

కారు బరువు 1,300 కిలోగ్రాములు. ధర పన్నులు కాక 1,11,000 యూరోలు.

గేర్‌బాక్సు విషయంలో ఒక విశేషం ఉంది. ఈ రహదారి కారుకు చేతితో మార్చే ఆరు గేర్ల గేర్‌బాక్సు మాత్రమే ఉండగా, రేసు కారుకు పీడీకే అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు అమర్చారు. ఇందులో క్లచ్ పెడలు ఉండదు. గేరు తప్పుగా పడి ఇంజను పాడయ్యే ప్రమాదం తగ్గుతుంది. కొత్త చోదకుడు తన దృష్టిని మలుపులపైన, బ్రేకులపైన నిలపగలుగుతాడు.

రెండవ రూపం (2019)

718 కేమన్ జిటి4 క్లబ్‌స్పోర్ట్ పేరుతో 2019 జనవరిలో వచ్చిన కారులో 3.8 లీటర్ల ఇంజను శక్తిని 425 అశ్వశక్తికి (313 కిలోవాట్లు) పెంచారు. బరువు 1,320 కిలోగ్రాములు. దీనిని రెండు రకాలుగా విక్రయించారు.

ట్రాక్‌డే రకం పోటీ లేకుండా సొంత కారును ట్రాక్‌పై నడిపి ఆనందించేవారికి ఉద్దేశించినది. ఇందులో షాక్ అబ్సార్బర్ల అమరిక కర్మాగారంలో నిర్ణయించినదే, మార్చడానికి వీలుండదు. ఎయిర్ కండిషనింగ్, 80 లీటర్ల ఇంధన ట్యాంకు ఉన్నాయి. ధర 1,34,000 యూరోలు. కాంపిటీషన్ రకం అసలైన రేసుల కోసం తయారైనది. ఇందులో షాక్ అబ్సార్బర్లను మూడు విధాలుగా సవరించవచ్చు. ముందు, వెనుక బ్రేకుల మధ్య బలాన్ని చోదకుడు మార్చుకోవచ్చు. గాలి పీడనంతో కారును పైకెత్తే జాకీలు, 115 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. ధర 1,57,000 యూరోలు. రెండు ధరలూ పన్నులు కాకుండా చెప్పినవే.

ఈ రెండు రకాల మధ్య తేడా ఇంజనులో కాక సర్దుబాట్లలో ఉండడం గమనించదగినది. షాక్ అబ్సార్బర్లను సరిగా అమర్చడం అనుభవజ్ఞులు చేయగల పని. తెలియక మార్చితే కారు మరింత అస్థిరమవుతుంది.

నారతో చేసిన భాగాలు

2019 కారు తలుపులను, వెనుక రెక్కను అవిసె, పారిశ్రామిక హెంప్ వంటి మొక్కల నారతో చేసిన మిశ్రమ పదార్థంతో తయారుచేశారు. శ్రేణిగా ఉత్పత్తి చేసిన రేసు కారులో ఇటువంటి బాడీ భాగాలను వాడడం ఇదే ప్రథమమని సంస్థ ప్రకటించింది. బరువులోను, దృఢత్వంలోను ఈ పదార్థం కార్బన్ ఫైబరును పోలి ఉంటుంది.

మూడవ రూపం (2021)

2021 నవంబరులో 718 కేమన్ జిటి4 ఆర్ఎస్ క్లబ్‌స్పోర్ట్ విడుదలైంది. దీనిలోని 4.0 లీటర్ల ఇంజను 911 జిటి3 కప్‌కు చెందినది. శక్తి 500 అశ్వశక్తి (368 కిలోవాట్లు). నార మిశ్రమాన్ని ఇందులో మరిన్ని భాగాలకు విస్తరించారు.

జిటి4 తరగతి

2007లో ఎస్ఆర్ఓ సంస్థ ఆధ్వర్యంలో జిటి4 యూరోపియన్ పోటీలు మొదలయ్యాయి. ఈ తరగతిలో బీఎండబ్ల్యూ, ఆస్టన్ మార్టిన్, మెర్సిడెస్-ఏఎంజీ మొదలైన సంస్థల కార్లు కూడా పాల్గొంటాయి. వేర్వేరు ఇంజన్లు గల కార్ల మధ్య సమతుల్యం కోసం నిర్వాహకులు కొన్నింటికి అదనపు బరువు చేరుస్తారు, కొన్నింటి ఇంజను శక్తిని పరిమితం చేస్తారు. అందువల్ల అధిక శక్తి గల కారు కొన్నంత మాత్రాన గెలుపు దక్కదు. 2015 నాటి క్లబ్‌స్పోర్ట్ ఈ తరగతి నిబంధనలకు సరిపోయేందుకు మాంథే-రేసింగ్ సంస్థ తయారుచేసిన అదనపు భాగాలను అమర్చుకోవలసి వచ్చేది.

ఖర్చు, పరిమితులు

ప్రవేశ స్థాయి అనే మాట సాపేక్షమైనది. కారు ధరకు తోడు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, ఇంధనం, రవాణా, ప్రవేశ రుసుము వంటి ఖర్చులు ప్రతి రేసుకూ ఉంటాయి. పైగా 2015లో 1,11,000 యూరోలు ఉన్న ధర, 2021 నాటి ఆర్ఎస్ క్లబ్‌స్పోర్ట్‌కు 1,96,000 యూరోలకు చేరింది. అదే తరం 911 జిటి3 కప్ కారు ధర 2,25,000 యూరోలు. మెట్ల వరుసలో మొదటి మెట్టుగా భావించిన కారు ఆరేళ్ళలో తన పై మెట్టుకు ధరలోనూ, శక్తిలోనూ ఎంతో దగ్గరైంది. భద్రత, నాణ్యత, విడిభాగాల లభ్యత వంటి ప్రయోజనాలను కర్మాగార నిర్మాణం అందించినా, రేసింగును సామాన్యుని అందుబాటులోకి తేలేకపోయింది.

పెట్రోలు ఇంజనుతో నడిచే 718 కేమన్ రహదారి కార్ల ఉత్పత్తి 2025లో ముగిసింది.