మోటారు వేగమును తగ్గించుట

మన పల్లెలయందు నీటి పంపులను, పిండిమరలను నడుపు మూడు ఫేజుల మోటార్లు సాధారణముగా ఒకే వేగముతో తిరుగుచుండును. వానిని నెమ్మదిగా త్రిప్పవలెనన్న ‘వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్’ అను పెట్టె యొకటి అంగళ్లలో దొరకుచున్నది. పనివారు దీనిని డ్రైవు అందురు. ఇది యెట్లు పనిచేయునో, దీనిని ఆలోచింపక వాడినచో మోటారు ఏల కాలునో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపనెంచితిమి.

నికొలా టెస్లా 1888వ సంవత్సరమున అమెరికాలో పేటెంటు పొందిన ఇండక్షను మోటారే నేటికిని మిక్కిలి వాడుకలో నున్నది. ఇందలి కదలని భాగమున చుట్టిన తీగలలో విద్యుత్తు ప్రవహించి, గిరగిర తిరుగు అయస్కాంత క్షేత్రమును కల్పించును. రోటరు దానిని వెంబడించును. మన దేశపు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు, అనగా 50 హెర్ట్జులు గలది. ఈ సంఖ్యను 120చే గుణించి, మోటారు ధ్రువముల సంఖ్యచే భాగించిన, క్షేత్రము నిమిషమునకు తిరుగు చుట్లు తేలును. నాలుగు ధ్రువములున్నచో 1500. రోటరు కొంత వెనుకబడును గనుక మోటారు రేకుమీద 1440 వంటి సంఖ్య కనబడును. ధ్రువములను మార్చుట మన చేతిలో లేదు; ఆవృత్తులను మార్చుటయే మార్గము.

డ్రైవు చేయునది యిదియే. వచ్చిన విద్యుత్తును మొదట ఏకముఖముగా మార్చి, కెపాసిటర్లలో నిలిపి, పిమ్మట ట్రాన్సిస్టర్లచే అతివేగముగా తెంచుచు కలుపుచు కోరిన ఆవృత్తిగల విద్యుత్తుగా మరల నిర్మించును. స్విచ్చి ఆపిన పిదపను ఆ కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు కొన్ని నిమిషములు నిలిచియుండును. పెట్టెపై వ్రాసిన కాలము గడువకుండ మూత తీయరాదు.

ఆవృత్తిని తగ్గించి వోల్టేజిని తగ్గింపకున్నచో మోటారులోని యినుము తాను మోయలేనంత అయస్కాంతత్వమునకు లోనై, తీగలలో విద్యుత్తు మితిమీరి వేడెక్కును. కావున 50 హెర్ట్జులకు 415 వోల్టులైన, 25 హెర్ట్జులకు సుమారు 207 వోల్టులే ఈయవలెను. డ్రైవు దీనిని తానే చూచుకొనును.

ఇచ్చట చాలమంది పొరబడు సంగతి యొకటి కలదు. బెల్టును పెద్ద కప్పికి మార్చి వేగమును సగము చేసినచో త్రిప్పుబలము రెండింతలగును. డ్రైవుచే సగము చేసినచో త్రిప్పుబలము పెరుగదు. 5 గుఱ్ఱముల మోటారు రెండున్నర గుఱ్ఱముల పనియే చేయును. అంతియే కాదు, మోటారును చల్లార్చు పంకా దాని యిరుసుకే బిగింపబడియున్నది. ఇరుసు మెల్లగా తిరిగిన గాలియు మెల్లగనే వీచును. ఎంత నెమ్మదిగా నడపినను బరువు తగ్గని పనులు గలవు. బరువులెత్తు యంత్రములు, సరకును మోయు పట్టీలు అట్టివి. వీనియందు తీగలలో విద్యుత్తు తగ్గదు, చల్లదనము మాత్రము తగ్గును. కొద్దికాలములో మోటారు కాలిపోవుట వింత కాదు. అట్టిచోట్ల వేరుగా తిరుగు పంకాను అమర్చుటయో, పెద్ద మోటారును పెట్టుటయో, కప్పులనే మార్చుటయో మేలని మా యభిప్రాయము.

గాలి పంకాల సంగతి వేరు. వానికి కావలసిన శక్తి వేగముయొక్క ఘనము ననుసరించి తగ్గును. 50 హెర్ట్జులకు బదులు 40 హెర్ట్జులతో నడపిన, శక్తి యించుమించు సగమే చాలును. డ్రైవునకు పెట్టిన సొమ్ము తిరిగివచ్చునది ఇట్టిచోటనే.

నీటి పంపును ఈ కోవలోనిదే యని తలంచి రైతులు తొందరపడరాదు. పంపు నీటిని నెట్టు ఎత్తు వేగముయొక్క వర్గము ననుసరించి తగ్గును. పూర్తి వేగమున 40 మీటర్ల వరకు నెట్టగల పంపుతో 30 మీటర్ల ఎత్తునకు నీరు తోడుచున్నామనుకొందము. 40 హెర్ట్జులకు తగ్గించిన నది 25.6 మీటర్ల వరకే నెట్టును. పంపు తిరుగుచునే యుండును, మీటరును తిరుగును, చేనిలో మాత్రము చుక్క పడదు. పంపులోని నీరే మథింపబడి వేడెక్కును. కావున బావి లోతును, గొట్టము చివరి యెత్తును కొలిచి, ఎన్ని హెర్ట్జుల వద్ద నీరు నిలిచిపోవునో గుర్తించి, డ్రైవులో కనిష్ఠవేగమును దానికి పైగా అమర్చవలెను.