బద్నామీ భయమే బెదిరించేవాడి బలం

బడులు మూతపడిన 2020లో ఆన్‌లైన్ పాఠాల కోసమని అప్పు చేసి మరీ మన పిల్లల చేతికి సెల్‌ఫోన్లు ఇచ్చాము. బడులు మళ్ళీ తెరుచుకున్నాయి గాని ఫోన్లు మాత్రం పిల్లల చేతుల్లోనే ఉండిపోయాయి. ఫోన్ ఇవ్వడం మంచిదా, చెడ్డదా అన్న చర్చ ప్రతి దావత్‌లోనూ జరుగుతూనే ఉంది కనుక దాన్ని ఇక్కడ తిరగదోడటం లేదు. మన ముందున్న ప్రశ్న వేరు. ఆ ఫోన్ ద్వారా ఎవడో ఒకడు మన బిడ్డను వలలో వేసుకుని బెదిరించడం మొదలుపెడితే, కాపాడటానికి ఈ దేశంలో ఏ ఏర్పాట్లు ఉన్నాయి? ఉన్నవి మన గడప లోపలికి ఎందుకు రాలేకపోతున్నాయి?

ఏర్పాట్లు లేవనుకోవడం సరికాదు. సమాచార సాంకేతిక చట్టానికి చేసిన సవరణ ద్వారా 67-బి అనే సెక్షన్ 2009 అక్టోబరులో అమలులోకి వచ్చింది. పిల్లల అసభ్య చిత్రాలను తయారుచేయడం, పంపడమే కాదు, చెడు ఉద్దేశంతో పిల్లలను ఆన్‌లైన్ స్నేహంలోకి లాగడం కూడా దాని కింద నేరమే. మొదటిసారి రుజువైతే అయిదేళ్ళ దాకా జైలు, పది లక్షల రూపాయల దాకా జరిమానా. తర్వాత 2012 నవంబరు 14న పోక్సో చట్టం అమలులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండని వారందరూ ఈ చట్టం దృష్టిలో పిల్లలే. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న భేదం లేదు. 'మగపిల్లవాడికి ఏమవుతుందిలే' అని నిశ్చింతగా ఉండే తండ్రులు ఈ మాటను గమనించాలి.

పోక్సో చట్టం 11వ సెక్షన్ మరింత గమనార్హం. బిడ్డ అసభ్య చిత్రాన్ని బయటపెడతానని దురుద్దేశంతో బెదిరించడం నేరమని అది చెబుతుంది. ఆ చిత్రం నిజమైనదైనా సరే, కల్పించినదైనా సరే. ఈ మాట 2012లో రాసినది. ఈనాడు కృత్రిమ మేధ పుణ్యమా అని ఒకరి ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించడం నిమిషాల పని అయిపోయింది. అయినా చట్టంలో దానికి చోటు ముందే ఉంది. 'ఆ ఫొటో నాది కాదు' అని ఏడుస్తూ నిరూపించుకోవలసిన అవసరం బిడ్డకు లేదు.

నిరుడు ఒకరోజు అసర్ నమాజు తర్వాత ఒక తండ్రి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మౌల్వీ సాబ్, మీ దృష్టిలో ఏదైనా మంచి సంబంధం ఉంటే చెప్పండి. మా అమ్మాయికి" అన్నాడు.

అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. "ఇంత తొందర దేనికి భాయ్?" అంటే చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. మెల్లగా అసలు సంగతి బయటపడింది. ఖాలా పెళ్ళిలో తీసిన ఫొటో ఎవరి స్టేటస్‌లో నుండో ఒకడి చేతికి చిక్కింది. వాడు ఆ ముఖాన్ని సిగ్గుమాలిన బొమ్మకు అతికించి, రోజూ రాత్రి ఆ పిల్లకే పంపుతూ డబ్బు అడిగాడు. పిల్ల చెవి కమ్మలు అమ్మి డబ్బు పంపింది. అమ్మతో పోయాయని చెప్పింది. తర్వాత వాడు అడిగింది డబ్బు కాదు. మూడు వారాలు ఆ పిల్ల సరిగా అన్నం తినలేదు. విషయం తెలిసిన రోజున తండ్రి ఫోన్‌ను నేలకేసి కొట్టాడు, బడి మాన్పించాడు, ఇప్పుడు పెళ్ళి చేసి పంపేద్దామని బయలుదేరాడు. పద్నాలుగేళ్ళ పిల్లకు!

"పోలీసుల దగ్గరికి వెళితే నలుగురికీ తెలుస్తుంది. ఇజ్జత్ పోతుంది" అన్నాడు.

"నలుగురికీ తెలియజేస్తానని కదా వాడు కూడా అంటున్నాడు?" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. బెదిరించేవాడి చేతిలో ఉన్న ఆయుధం ఆ ఫొటో కాదు, ఈ తండ్రి మనసులో ఉన్న భయమే. వాడికి మన ఇళ్ళ సంగతి బాగా తెలుసు. పిల్ల చెబితే దెబ్బలు పడతాయని, చదువు ఆగిపోతుందని, ఫోన్ లాక్కుంటారని తెలుసు కనుకనే ధైర్యంగా మూడు వారాలు ఆడించాడు. చట్టం ఎంత గట్టిదైనా ఎవరో ఒకరు ఇంట్లో నోరు విప్పిన తర్వాతనే అది కదులుతుంది.

నలుగురికీ తెలుస్తుందన్న భయానికి కూడా ఆ చట్టంలోనే జవాబు ఉండటం మన వాళ్ళకు తెలియదు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే, లేదా బిడ్డ కోరిన చోటే తీసుకోవాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫాం వేసుకుని రాకూడదు. తల్లిదండ్రులో, బిడ్డకు నమ్మకమున్న మరొకరో పక్కన ఉండాలి. రాత్రిపూట బిడ్డను ఏ కారణం చేతనైనా పోలీసు స్టేషనులో ఉంచరాదు. పేరు, ఊరు, బడి, కుటుంబం వివరాలు పత్రికల్లో రాస్తే రాసిన వారికే శిక్ష. ప్రత్యేక న్యాయస్థానంలో విచారణ తలుపులు మూసి జరుగుతుంది. నిందితుడి వకీలు బిడ్డను నేరుగా ప్రశ్నించలేడు. తన ప్రశ్నలను న్యాయమూర్తికి ఇస్తే న్యాయమూర్తే బిడ్డను అడగాలి. బిడ్డ నడవడిని కించపరిచే ప్రశ్నలు వేయనివ్వకూడదు. ప్రతి స్టేషనులోనూ ఇదంతా అక్షరాలా జరుగుతుందని చెప్పను. కాని అడిగే హక్కు తండ్రికి ఉంది, అడగాలంటే తెలిసి ఉండాలి.

ఆ ఇంటికి మాత్రం మహిళా అధికారి మామూలు దుస్తుల్లోనే వచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ళు ఎవరో చుట్టాలనుకున్నారు. ఫోన్ పగిలినా డబ్బు వెళ్ళిన ఖాతా ఆధారంగా నేరస్తుడిని పట్టుకున్నారు. వాడు వేరే జిల్లాలో ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఆ పిల్లను ఎన్నడూ ఎదురుగా చూసిన వాడు కాదు. అదే సమయంలో మరో ముగ్గురు పిల్లలను కూడా ఇలాగే పీడిస్తున్నాడని తేలింది. కేసు ఇంకా కోర్టులో ఉంది. పిల్ల బడికి వెళుతోంది.

ఉస్తాదులకు, బడి యాజమాన్యాలకు కూడా ఒక మాట చెప్పాలి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే ఆరు నెలల దాకా జైలు. సంస్థకు బాధ్యుడైన వ్యక్తి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా. సద్బుద్ధితో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీలులేదు. 'మన సంస్థ పేరు పోతుంది' అని పెద్దమనుషులను కూర్చోబెట్టి రాజీ చేసే అలవాటు మదరసాలో ఉన్నా, కాన్వెంటులో ఉన్నా చట్టం ఒకటే.

మన పిల్లలు వేటకు గురవుతారనే కాదు, వేటగాళ్ళు అవుతారేమోనన్న చింత కూడా ఉండాలి. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ముస్లిం స్త్రీల ఫొటోలను 'వేలం' పేరుతో పెట్టిన యాప్‌లు బయటపడ్డాయి. ఆ సంఘటన మన ఇళ్ళను ఎంత కలచివేసిందో చెప్పనక్కరలేదు. రెండో కేసులో అరెస్టయిన వారు చాలావరకు ఇరవై ఏళ్ళ అటూ ఇటూ ఉన్న విద్యార్థులు. వారి తల్లిదండ్రులు కూడా 'మా అబ్బాయి గదిలో కూర్చుని చదువుకుంటున్నాడు' అనే అనుకుని ఉంటారు. మన అబ్బాయిల గదుల్లో ఏం జరుగుతోందో మనమెందరం అడుగుతున్నాము?

గదిలో ఎవరూ చూడటం లేదన్న భ్రమ కూడా వద్దు. అమెరికాలో పిల్లల రక్షణకు పనిచేసే జాతీయ కేంద్రానికి ఇంటర్నెట్ కంపెనీలు ఇటువంటి చిత్రాల గురించి సమాచారం ఇస్తాయి. 2019 ఏప్రిల్‌లో మన జాతీయ నేర నమోదు సంస్థ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకున్నది. అప్పటినుండి మన దేశానికి సంబంధించిన వివరాలు ఇక్కడికి వస్తున్నాయి, ఇక్కడినుండి రాష్ట్రాల పోలీసులకు చేరుతున్నాయి. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు కూడా మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టివేస్తూ, పిల్లల అసభ్య చిత్రాలను దించుకుని ఉంచుకోవడం, చూడటం నేరం కాదన్న వాదనను తోసిపుచ్చింది. వాట్సాప్ గ్రూపులో వచ్చిందని తుడిచివేయకుండా, పోలీసులకు చెప్పకుండా ఉంచుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి పదహారేళ్ళ లోపు వారికి ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకూడదని చట్టం అమలులోకి వచ్చింది. మన దేశం 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వేరే దారి పట్టింది: పద్దెనిమిదేళ్ళ లోపు వారి వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి; ఈ బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. మంచిదే. అయితే మన ఇళ్ళలో ఒకే ఫోన్ అబ్బా పేరు మీద ఉంటుంది, దాన్ని ఉదయం అమ్మీ, మధ్యాహ్నం అన్న, రాత్రి చిన్నది వాడతారు. ఆ ఫోన్ వెనుక ఎవరున్నారో కంపెనీకి ఎలా తెలుస్తుంది? అనుమతి అడిగిన చోట నొక్కేది కూడా బహుశా ఆ చిన్నదే.

ఇక ఆపద వచ్చినప్పుడు చేయవలసిన పని. డబ్బు ఇవ్వవద్దు, ఇచ్చినకొద్దీ అడుగుతాడు. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఫోన్ పగలగొట్టవద్దు, బెదిరింపు మాటలు, వాడి నంబరు, ఖాతా పేరు, తేదీలు అన్నీ అలాగే ఉంచండి. ఆ బొమ్మను మాత్రం ఎవరికీ పంపవద్దు, 'చూడండి, ఏం చేద్దాం' అని చాచాకైనా సరే. అటువంటి బొమ్మపై ఫిర్యాదు అందితే నిర్ణీత సమయంలోగా తీసివేయాలని 2021 నిబంధనలు కంపెనీలకు గడువు పెట్టాయి. పైన చెప్పిన అమెరికా కేంద్రమే 2023లో 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవను ప్రారంభించింది. అందులో ఫొటో మన ఫోన్ దాటి పోదు. దాని అంకెల గుర్తు మాత్రమే వెళుతుంది, ఆ గుర్తుతో సరిపోలే బొమ్మలను అందులో చేరిన కంపెనీలు తీసివేస్తాయి.

కేంద్ర హోం శాఖ వారి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండానే ఇవ్వవచ్చు. పిల్లల కోసం 1098 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు. ఆ నంబరుకు పిల్లలు తామే ఫోన్ చేయవచ్చు. పెద్దల అనుమతి అక్కరలేదు.