లెక్క అడిగే చదువు

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తున్నది. అమానతు అనగానే పొరుగువారు దాచమని ఇచ్చిన నగయో, డబ్బో మనకు స్ఫురిస్తుంది. కాని ప్రజల ఖజానా, పింఛన్ల జాబితా, మంచినీటి పథకం కూడా అమానతులే. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక వ్యక్తి కొంత సొమ్మును తనకు లభించిన కానుకగా చెప్పుకున్నాడు. తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక అతనికి అందేదా అని దైవప్రవక్త (స) ప్రశ్నించిన సంఘటనను బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు నమోదు చేశాయి. లెక్క అడగడం మన ధర్మానికి కొత్త కాదు.

ఉద్దానంలో ఈ ప్రశ్న ఎందుకు?

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. హిరమండలం జలాశయం నుండి ఇంటింటికీ నీరందించే దాదాపు 700 కోట్ల రూపాయల పథకమూ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. కుళాయికి నీరు రోజూ వస్తున్నదా, ఆసుపత్రిలో వైద్యులున్నారా, అర్హుని పేరు జాబితాలో ఉన్నదా అని చూసేవారు లేకపోతే శంకుస్థాపన ఫలకాలే మిగులుతాయి.

కాగితానికీ నేలకూ ఎంత దూరముంటుందో సోంపేట ప్రజలకు తెలుసు. థర్మల్ కేంద్రానికి కేటాయించిన బీల చిత్తడి నేల అధికార పత్రాలలో నిరుపయోగ భూమి. 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ కేంద్రపు అనుమతిని రద్దు చేసింది. నేలను ముందే నిజాయితీగా పరిశీలించి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి కావా?

నిఘాకు శిక్షణ

ప్రభుత్వ పనితీరును గమనించే లాభాపేక్ష లేని సంస్థలు యువతకు ఫెలోషిప్‌లు ఇస్తుంటాయి. నిర్ణీత కాలం భృతి ఇచ్చి, పత్రాలు చదవడం, లెక్కలు సరిచూడడం, నివేదిక రాయడం నేర్పుతాయి. అమెరికాలో 1981లో మొదలైన ‘ప్రాజెక్ట్ ఆన్ గవర్నమెంట్ ఓవర్‌సైట్’ సైన్యం నాలుగు వందల డాలర్లకు పైగా పెట్టి కొన్న సుత్తి వంటి దుబారాను బయటపెట్టి పేరు పొందింది. మన దేశంలో 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు స్థాపించిన ఏడీఆర్ పోరాటం ఫలితంగానే అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వివరాలు నేడు ఓటరుకు తెలుస్తున్నాయి. ఢిల్లీలోని పీఆర్‌ఎస్ సంస్థ 2010 నుండి ‘ల్యాంప్’ ఫెలోషిప్ ద్వారా యువ పట్టభద్రులను పార్లమెంటు సభ్యులకు పరిశోధన సహాయకులుగా పంపుతున్నది.

మన రాష్ట్రమే ఒక మార్గం చూపింది. ఉపాధి హామీ పనులపై 2006లో సామాజిక తనిఖీ ఇక్కడ మొదలైంది. కూలీ కుటుంబాలలో చదువుకున్న యువతీయువకులు శిక్షణ పొంది, సొంత ఊరు కాక వేరొక ఊరికి వెళ్ళి, మస్టర్లను ఇంటింటా సరిచూసి, మండల బహిరంగ సభలో ఫలితాలు చదివి వినిపించారు.

మన పిల్లలు

శ్రీకాకుళం జిల్లాలో మన సంఖ్య స్వల్పమే. కాని ఉప్పునీటికీ డయాలసిస్ మంచానికీ మతభేదం లేదు. టెక్కలి, పలాస కళాశాలలలో చదివే మన అబ్బాయిలూ అమ్మాయిలూ ఈ సేవకు ముందుకు వస్తే అది ఊరందరికీ ఉపకారం. ఇది స్థిరమైన ఉద్యోగం కాదని తల్లిదండ్రులు సంకోచించడం సహజమే. అయితే ఇక్కడ అలవడే పరిశీలన న్యాయవాదికీ, పాత్రికేయునికీ, అధికారికీ జీవితాంతం ఉపకరిస్తుంది.

ఫెలోషిప్ దొరికేదాకా ఆగనవసరం లేదు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం తెల్లకాగితంపై దరఖాస్తు రాయవచ్చు. 30 రోజులలో జవాబు రావాలి; ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలోనే రావాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయవచ్చు.

ఒక్క హెచ్చరిక. విన్న వార్తను విచారించి తెలుసుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయతు బోధిస్తున్నది. రుజువు లేని నింద నిఘా కాదు, అన్యాయం. ఒకరి లెక్క అడిగేవారు ముందు తమ దుకాణపు తూకాన్ని, తమ మస్జిదు కమిటీ జమాఖర్చులను సరిచూసుకోవాలి. ప్రళయదినాన మనందరి లెక్కా తీయబడుతుంది. అల్లాహ్ మన సంతానాన్ని న్యాయానికి సాక్షులుగా నిలిపుగాక. ఆమీన్.