గ్లాసుడు ఐసు నీళ్లు

ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు సెమినారుకు తయారవుతుంటే నేను ముందుగా భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ సంగతి చెబుతాను.

1986 జనవరి 28న అంతరిక్ష నౌక చాలెంజర్ కూలి ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. రాకెట్ అతుకుల్ని మూసే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుపోతాయని ముందురోజు రాత్రే ఇంజనీర్లు హెచ్చరించారు. వాళ్లు ఫ్యాక్సులో పంపిన చార్టుల నిండా అంకెలూ రాతలే. వినదలచుకోని అధికారులదే పెద్ద తప్పని నా నమ్మకం. అయినా ఆ చార్టుల్లో ముప్పు కొట్టొచ్చినట్టు కనబడలేదు.

ఫిబ్రవరి 11న ఆ ప్రమాదంపై వేసిన విచారణ సంఘంలో ఫైన్‌మన్ ఓ-రింగు ముక్కను చిన్న క్లాంపులో బిగించి ఐసు నీళ్ల గ్లాసులో ముంచారు. కాసేపాగి తీసి క్లాంపు వదులు చేస్తే, నొక్కుకుపోయిన రబ్బరు వెంటనే పైకి లేవలేదు. కెమెరాల ముందు అందరికీ అర్థమైపోయింది. క్లాంపును ఆయన ఆ ఉదయమే హార్డ్‌వేర్ షాపులో కొన్నారు. సమావేశానికి ముందే ఒకసారి చేసి చూసుకున్నారు కూడా. రిహార్సలంటే అదీ!

స్లైడు మీదున్నదే చదివితే మీరెందుకర్రా అని పిల్లల్ని అడుగుతాను. సోలార్ డ్రయ్యర్ చేసిన జట్టును ఎండిన టమాటా ముక్కలు తెమ్మన్నాను. ఎగ్జామినరుగారు ఓ ముక్క కొరికి, తేమ ఎంత శాతం పోయిందని తనే అడిగారు. పిల్లలు గ్రాఫు అప్పుడు తెరిచారు.