నీరుగంటియు నెట్‌వర్క్ స్విచ్చును

పూర్వము మన తెలుగు పల్లెలలో చెరువు నీటిని పంచుటకు నీరుగంటి యను గ్రామసేవకుడొకడు ఉండెడివాడు. తూము తెరచుట, మూయుట, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుట అతని పని. అతడు లేనిచో చెరువు నిండియున్నను ఎగువ మడులే నీరంతయు త్రాగివేయును. కట్టకడపటి మడి ఎండిపోవును.

పంపకము విలువ చెన్నపట్టణ వాసులమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తలకు 5 టి.ఎం.సి.ల చొప్పున కృష్ణాజలములను ఈ నగరమునకు ఇచ్చుటకు 1976లో అంగీకరించినవి. 1983లో తెలుగు గంగ ఒప్పందము కుదిరినది. శ్రీశైలము, సోమశిల, కండలేరు మీదుగా ఆ నీరు పూండి జలాశయమును చేరునప్పటికి 1996వ సంవత్సరము వచ్చినది. నదిలో నీరుండుట ఒక యెత్తు. మన వంతు మన గడపకు చేరుట మరియొక యెత్తు.

పాఠశాలలోని కంప్యూటరు గదికిని ఇదే న్యాయము వర్తించును. ఒక గదిలో 25 కంప్యూటర్లున్నవనుకొందము. ఇంటర్‌నెట్ లంకె సెకనుకు 100 మెగాబిట్లు. ఉపాధ్యాయులు 30 మెగాబైట్ల పాఠమొకటి చూడుడని చెప్పిరి. బైటుకు 8 బిట్లు గనుక అది 240 మెగాబిట్లు. అందరికిని సమానముగ పంచినచో ఒక్కొక్కరికి 4 మెగాబిట్లు వచ్చును; ఒక్క నిమిషములో పాఠము చేరును. కాని రెండు కంప్యూటర్లు ఆ సమయముననే పెద్ద సినిమాలనో, తమ నవీకరణములనో దించుకొనుచు 80 మెగాబిట్లు లాగికొన్నచో, తక్కిన 23 యంత్రములకు మిగులునది 20 మాత్రమే. అప్పుడు అదే పాఠమునకు నాలుగున్నర నిమిషములకు పైగా పట్టును. పిల్లలు తెర వంక చూచుచు కూర్చుండగనే గంట మ్రోగును.

ఈ గదిలో నీరుగంటి స్థానము స్విచ్చుది. కంప్యూటర్ల తీగలన్నియు దానియందు కూడును. తీగ తగిలించు రంధ్రమునకు పోర్టు అని పేరు. ఏ పోర్టున ఏ యంత్రమున్నదో జ్ఞాపకముంచుకొని, వచ్చిన సమాచారపు పొట్లమును దానికి చెందిన పోర్టునకే స్విచ్ పంపును. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ పద్ధతిని తలపెట్టినప్పుడు యంత్రములన్నియు ఒకే తీగను పంచుకొనవలసియుండెను. స్విచ్ వచ్చిన పిదప ప్రతి యంత్రమునకును ప్రత్యేకమైన దారి ఏర్పడినది.

స్విచ్చులు రెండు తెరగులు. సాధారణపు స్విచ్ పొట్లములను చేరవేయును గాని పంపకమును ఎరుగదు. మేనేజ్డ్ స్విచ్ మన యాజ్ఞలను వినును. "ఈ పోర్టు సెకనుకు 10 మెగాబిట్లకు మించరాదు" అని నిర్ణయించినచో, మించిన పొట్లములను అది కొంతసేపు నిలిపియుంచును, లేదా విడిచిపెట్టును. పొట్లము అందలేదని గ్రహించి, పంపు యంత్రము సాధారణముగ తన వేగమును తగ్గించుకొనును. పై ఉదాహరణమున ప్రతి పోర్టునకును 10 మెగాబిట్ల హద్దు పెట్టినచో, ఆ రెండు యంత్రములకు దక్కునది 20 మాత్రమే. తక్కిన 23 యంత్రములకు 80 మిగులును. పాఠము సుమారు 70 సెకనులలో చేరును.

హద్దును 4 మెగాబిట్లకే కుదింపరాదా యని మీరడుగవచ్చును. కుదింపవచ్చును, కాని ఐదుగురే పనిచేయు వేళ 80 మెగాబిట్లు వ్యర్థమగును. హద్దు అనునది వంతు కాదు. ఒకరు వాడనిది మరియొకరికి అది ఇయ్యజాలదు. కావున మరీ బిగింపక, మరీ వదలక పెట్టుట మేలు.

ఇక కొనునప్పుడు విచారింపవలసిన సంగతులు. మొదటిది, హద్దు ఇరువైపులను పెట్టుటకు వీలుండవలెను. స్విచ్ దృష్టిలో లోనికి వచ్చునది విద్యార్థి పంపునది. వెలుపలికి పోవునది విద్యార్థి పొందునది. పాఠములు దించుకొనుటను అదుపు చేయుటకు వెలుపలి దిక్కు హద్దే ముఖ్యము. పలువురు ఇచ్చటనే తడబడుదురు.

రెండవది, హద్దును మన యిష్టమైన అంకెకు పెట్టవచ్చునో, తయారీదారు నిర్ణయించిన మెట్లలోనే ఏరుకొనవలెనో తెలిసికొనవలెను. మూడవది, "స్టార్మ్ కంట్రోల్" అని వ్రాసియున్నంత మాత్రమున మోసపోరాదు. అది అందరికిని ఒక్కమారు పోవు పొట్లముల వెల్లువను ఆపునదే గాని వంతులు పంచునది కాదు. నాలుగవది, వైఫై పెట్టెను ఒక పోర్టునకు తగిలించినచో, హద్దు ఆ పెట్టెకంతటికిని ఒక్కటే యగును. దాని వెనుకనున్న పదిమందిని స్విచ్ వేరుపరుపలేదు. ఐదవది, యంత్రముతో వచ్చిన సంకేతపదమును వెంటనే మార్చవలెను. తూము తాళముచెవిని వీథిలో వ్రేలాడదీయుదుమా?

అన్నిటికంటె గమనింపదగిన దొకటి కలదు. పోర్టు హద్దునకు ఇంటర్‌నెట్ సమాచారము, బడిలోని సమాచారము అను భేదము లేదు. తెలుగు పాఠములను బడిలోనే ఒక కంప్యూటరులో భద్రపరచి పిల్లలకు అందించుచున్నచో, ఆ పాఠములకును అదే కళ్లెము పడును. అట్టి బడి స్విచ్చుపై హద్దులు పెట్టుటకు మారుగా, ఇంటర్‌నెట్ లోనికి వచ్చు రౌటరు వద్దనే పెట్టుట యుక్తము. అట్టి భాండారము లేని బడికి మేనేజ్డ్ స్విచ్ చాలును.

మన నగర తీరమునకు సముద్రగర్భమున పెద్ద పెద్ద కేబుళ్లు చేరుచున్నవి. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ కేబులు సుమారు 2,300 కిలోమీటర్లు పోవుచున్నది. అంతటి దూరమును దాటి వచ్చిన పాఠము, మన గదిలో కడపటి పది అడుగులు దాటలేక ఆగిపోవుట తగునా? తెలుగు పుస్తకములు సులభముగ దొరకని చోట చదువు పిల్లవానికి, ఇంట ఇంటర్‌నెట్ లేనప్పుడు, బడిలోని ఆ ఒక్క గంటయే ఆధారము. ఆ గంట అతని వంతు.

తల్లిదండ్రులారా, బడికి యంత్రములు కొను సభలలో "వేగమెంత?" అని మాత్రమే అడుగకుడు; "కడపటి బల్ల యొద్ద కూర్చున్న పిల్లకు ఎంత చేరును?" అనియు అడుగుడు. విద్యార్థులారా, తరగతి వేళ మీ కంప్యూటరులో సినిమా దించుకొనునప్పుడు, ప్రక్కవాని మడికి పారు నీటిని మళ్లించుచున్నామని తలంపుడు. మంచి నీరుగంటి ఊరికి అవసరమే. కాని పొరుగువాని వంతును తాకని రైతు అంతకంటెను అవసరము.